లాక్రాస్ ఫైనల్‌కు పిలిచారు, వెళ్లాలా?

సందేహం: అన్నా, నాది భీమవరం. ఉద్యోగం మీద మేరీల్యాండ్ వచ్చి నాలుగు నెలలైంది. మే చివరి సోమవారం వచ్చే మెమోరియల్ డే సెలవుల్లో కాలేజీ లాక్రాస్ ఫైనల్‌కు మా టీమ్ వాళ్లు రమ్మంటున్నారు. ఆ ఆట పేరే నేను వినలేదు. టికెట్, ప్రయాణం కలిపితే ఖర్చు దండగేమో అనిపిస్తోంది. ఏం చెయ్యమంటావు?

జవాబు: వెళ్లు తమ్ముడూ. ఖర్చు మాట తర్వాత. ముందు నా 2010 మే నెల సంగతి విను.

అప్పటికి నేనూ నీలాగే వచ్చి నాలుగు నెలలు. ఆ ఏడాది పురుషుల ఫైనల్ మా బాల్టిమోర్‌లోనే, ఎం అండ్ టీ బ్యాంక్ స్టేడియంలో. డ్యూక్, నోటర్‌డామ్ యూనివర్సిటీల జట్లు. ఆఫీసులో పక్క సీటాయన తన దగ్గర ఒక టికెట్ మిగిలిందని, కొనుక్కుని రమ్మని అడిగాడు. నేను ఆ డాలర్లను అప్పటి రూపాయల లెక్కన 46తో హెచ్చవేసుకుని, ఆ డబ్బుతో ఇంటి దగ్గర ఎన్ని రోజుల కూరలు వస్తాయో లెక్క కట్టి, "పని ఉంది" అన్నాను. పనేమీ లేదు.

శనివారం బట్టలు ఉతుక్కున్నాను, గది తుడిచాను. రూమ్మేట్లు ఇద్దరూ న్యూజెర్సీలో చుట్టాలింటికి వెళ్లిపోయారు. ఆదివారం సాయంత్రం ఉండబట్టలేక ఇంటికి ఫోన్ చేశాను. అక్కడ ఇంకా తెల్లవారలేదు. అమ్మ ఉలిక్కిపడి లేచి, "ఒంట్లో బాగుందా నాన్నా" అని కంగారు పడింది. బాగానే ఉందని పెట్టేశాను. ఆ మూడు రోజుల్లో నాతో ఎదురుగా నిలబడి మాట్లాడింది షాపులో బిల్లు వేసే అమ్మాయి ఒక్కతే.

మంగళవారం ఆఫీసులో అందరి నోటా అదే మాట. 5-5తో సమమై అదనపు సమయానికి వెళ్లిందట, అది మొదలైన 5 సెకన్లకే డ్యూక్ వాళ్లు గోల్ కొట్టి గెలిచేశారట. చూసినవాళ్లు లేచి నిలబడి చేతులతో చేసి చూపిస్తున్నారు. నేను కాఫీ కప్పు పట్టుకుని పక్కన నిలబడ్డాను. ఆ నిలబడటం నాకు ఇప్పటికీ గుర్తే.

మరుసటి ఏడాది ఫైనల్ మళ్లీ అక్కడే, వర్జీనియా, మేరీల్యాండ్ యూనివర్సిటీల మధ్య. ఈసారి ఎవరూ పిలవలేదు, నేనే అడిగి వెళ్లాను. అప్పుడూ రెండు తప్పులు చేశాను. మొదటిది, మ్యాచ్ టైముకు సరిగ్గా గేటు దగ్గర దిగాను. మా ఆఫీసువాళ్లు పొద్దుటి నుంచే పార్కింగులో కారు డిక్కీలు తెరుచుకుని, పొయ్యి పెట్టుకుని, పిల్లాపాపలతో కబుర్లు చెప్పుకుంటున్నారట. అసలు స్నేహాలు కలిసేది అక్కడే. రెండోది, నారింజ రంగు చొక్కా వేసుకెళ్లాను. అది వర్జీనియా రంగు. మేరీల్యాండ్ ఎర్ర చొక్కాల మధ్య కూర్చున్నాను. ఎవరూ ఒక్క మాట అనలేదు కానీ, ఆ రోజు వర్జీనియా 9-7తో గెలిచాక నాకు తల ఎత్తాలనిపించలేదు.

ఆట గురించి భయపడకు. జట్టుకు 10 మంది, చివర వల ఉన్న కర్ర, గట్టి రబ్బరు బంతి, 15 నిమిషాల భాగాలు నాలుగు. నాకు మొదట అర్థం కానిది ఒక్కటే: గోల్ తప్పి బంతి బయటికి పోతుంటే కొట్టిన జట్టువాడే ప్రాణం పెట్టి ఎందుకు పరుగెడతాడు? గీత దాటేటప్పుడు బంతికి ఎవరు దగ్గరగా ఉంటే వాళ్ల జట్టుకే బంతి ఇస్తారు. ఇది నాకు వెనక వరసలో కూర్చున్న పెద్దావిడ చెప్పింది. తెలియకపోతే అడిగెయ్. ఇది ఇక్కడి మూలవాసుల ఆట, మేరీల్యాండ్‌కైతే 2004 నుంచి రాష్ట్ర అధికారిక జట్టు క్రీడ. అడిగితే మురిసిపోయి చెబుతారు. టికెట్లు, పార్కింగు, ఎలాంటి బ్యాగు తేవచ్చు అనేవి స్టేడియం వెబ్‌సైట్‌లో ఉంటాయి, చూసుకో.

2014లో ఫైనల్ బాల్టిమోర్‌కు తిరిగి వచ్చినప్పుడు నేను పొద్దున్నే పెద్ద గిన్నెడు పులిహోరతో పార్కింగులో ఉన్నాను. మధ్యాహ్నానికి గిన్నె ఖాళీ. నాలుగేళ్లలో అంతవరకు వచ్చాను, అదీ ఎవరూ చెయ్యి పట్టుకుని నడిపించకుండానే.

మీ తరానికి వాట్సాప్ గ్రూపులున్నాయి, వారం వారం మనవాళ్ల పుట్టినరోజు పార్టీలున్నాయి, ఇక ఒంటరితనం ఎక్కడిదిలే అనుకుంటారు. మీకు ఇంకా తెలియదు. లాంగ్ వీకెండ్‌లో ఎవరి కుటుంబం వాళ్లదే. జ్వరం వచ్చిన రాత్రి తలుపు తట్టాల్సింది పక్కింటివాళ్లదే.

మా పక్కింటి పెద్దాయన కార్నెల్‌లో చదువుకున్నాడు. భార్య పోయాక ఒక్కడే ఉంటున్నాడు. 1977 తర్వాత కార్నెల్‌కు ఈ టైటిల్ రాలేదు. 2025 మే 26న ఫాక్స్‌బరోలో మా మేరీల్యాండ్‌ను 13-10తో ఓడించి, 48 ఏళ్లకు మళ్లీ గెలిచింది. మేం ఇంట్లో టీవీ ముందు దిగులుగా కూర్చుని ఉంటే తలుపు చప్పుడైంది. ఆయన. కళ్లు తడిగా ఉన్నాయి. "ఇంకెవరితో చెప్పుకోను" అన్నాడు. మా ఆవిడ టీ పెట్టింది. రాత్రి పది దాకా కూర్చున్నాడు.

వస్తున్నానని మీ టీమ్ వాళ్లకు ఈ రోజే చెప్పెయ్. వాళ్లు ఏ జట్టు వైపో, పార్కింగుకు ఎన్నింటికి చేరతారో కూడా అడుగు. పులిహోరలో పచ్చిమిర్చి తగ్గించు. వేరుశనగలు వేస్తే మాత్రం ముందే అందరికీ చెప్పు, ఇక్కడ అవి పడనివాళ్లు ఉంటారు.