భోగికి మూడేళ్లు నిండుతాయి, అల్లుడూ

చిరంజీవి అల్లుడికి విజయనగరం నుంచి మావయ్య దీవెనలు.

నీ దగ్గర ప్రామిసరీ నోటు రాసి అప్పు తీసుకున్న నీ చిన్ననాటి స్నేహితుడు సిరిమాను పండగ నాడు మూడు లాంతర్ల కూడలి దగ్గర నిన్ను చూసి మొహం తిప్పుకుని జనంలో కలిసిపోయాడని రాశావు. దావా వేసేయమంటావా అని అడిగావు. నీ ఉత్తరంలో 2,80,000 రూపాయల మాట ఒక్కసారే ఉంది, మొహం తిప్పుకున్న మాట మూడుసార్లుంది. ఆ కోపం మీద మాత్రం కోర్టుకెళ్లకు.

నోటు ఫొటో చూశాను. స్టాంపు మీదుగా సంతకం పడింది, ఇద్దరు సాక్షులున్నారు, నోటు బాగానే ఉంది. నా భయమల్లా తేదీ గురించే. అడిగినప్పుడు ఇస్తానని రాసిన నోటు మీద దావా వేయడానికి, రాసిన రోజు నుంచే మూడేళ్ల గడువు లెక్క. వచ్చే భోగికి నిండిపోతాయి. సంక్రాంతి సెలవుల్లో గడువు పడితే కోర్టు తెరిచిన రోజు వేసుకోవచ్చని చట్టం ఒప్పుకుంటుంది గానీ, అంతదాకా తెచ్చుకోకు. ఉగాదికి ఫోన్‌పేలో 10,000 వేశాడు కదా, గడువు పెరిగిందని కూడా ధీమా పడకు. డబ్బు కట్టినట్టు అతని చేతిరాతైనా సంతకమైనా ఉండాలి.

ఈ కంగారు ఎందుకంటే, 1998లో నేనూ ఒక స్నేహితుడికి 22,000 ఇచ్చాను. రోజూ ప్లీడరు గారి దగ్గర పరుల దావా కాగితాలు కట్టలు కట్టేవాణ్ణి, సొంత స్నేహితుడి మీద కోర్టుకెక్కాడంటారని సిగ్గుపడి ఊరుకున్నాను. మూడేళ్లు దాటిన నెలకి అడిగితే, "నోటు బారైపోయింది గదా, ఏటి చేస్తావు?" అన్నాడు, గడువు దాటి నోటు చెల్లకుండా పోయిందని. డబ్బు పోయిన బాధ ఏడాదికి తగ్గింది. నేను మొహమాటపడినన్నాళ్లూ అతను రోజులు లెక్కపెట్టుకున్నాడన్నది మాత్రం ఇప్పటికీ మానలేదు.

అలాగని రేపే వెయ్యమనడం లేదు. నోటు కేసులో డిక్రీ, అంటే బాకీ కట్టమని కోర్టు ఇచ్చే తీర్పు, తెచ్చుకోవడం అంత కష్టం కాదు, వసూలే కష్టం. అమలుకి 12 ఏళ్ల గడువుంది, సరే, ఏం జప్తు చేయిస్తావు? బొబ్బిలిలో అతని వెల్డింగ్ షెడ్డు అద్దెది. వెల్డింగ్ మిషను చేతిపనివాడి పనిముట్టు, దాన్ని జప్తు చెయ్యనివ్వరు. ఇల్లు వాళ్ల నాన్న స్వార్జితం, ఆయన ఉండగా ఇతనికి హక్కు లేదు. జైల్లో పెట్టిస్తానని ఊళ్లో అందరూ అంటారు, ఇవ్వగలిగీ ఇవ్వనివాడి మీదే అది నడుస్తుంది. డిక్రీ కాగితం బీరువాలో పెట్టుకుని పదేళ్లు మా ఆఫీసు మెట్లెక్కినవాళ్లని చూశాను.

కాబట్టి రెండు సంగతులు వాకబు చెయ్యి. అతని పేరున స్థలమేదైనా ఉందా? ఉంటే ఈసీ, అంటే ఆ స్థలం మీద అమ్మకాలూ తాకట్లూ చూపించే రిజిస్ట్రేషను ఆఫీసు కాగితం, తీయించు. అమ్మకానికి పెట్టాడని తెలిస్తే మాత్రం ఒక్క రోజు ఆగొద్దు, దావాతో పాటే జప్తు పిటిషను వేయిద్దాం. రెండోది, నీకొక్కడికే బాకీనా, ఇంకా ఉన్నారా? నలుగురైదుగురుంటే రేపు ఐపీ, అంటే దివాలా పిటిషను, పెట్టినా పెడతాడు. నీకొక్కడికే అయితే సిగ్గుతో తప్పుకు తిరుగుతున్నాడేమో. చిన్నప్పుడు మీరిద్దరూ మా పెరట్లో ఒకే పళ్లెంలో తిన్నవాళ్లు, నాకు ఆ ఆశ ఇంకా ఉంది.

ఒక ఆదివారం అతని ఇంటికే వెళ్లు. షెడ్డుకి వద్దు, పనివాళ్ల ముందు అడిగితే పౌరుషానికి పోతాడు. ఇద్దరికీ కావలసిన పెద్దమనిషి ఒకరిని వెంటబెట్టుకో. మొత్తం అడక్కు, 5,000 అడుగు. ఇస్తే నోటు వెనక "ఈ నోటు తాలూకు ఇంత చెల్లు" అని తేదీ వేసి అతని చేత్తోనే రాయించి సంతకం పెట్టించు. ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు వస్తాయి. రాసేటప్పుడు నోటు మీద నుంచి నీ చెయ్యి తియ్యకు, చింపేసినవాళ్లున్నారు.

వాయిదాల మీద ఇస్తానంటే ఇంకా మంచిది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి దరఖాస్తు పెట్టి లోక్ అదాలత్‌లో రాజీ రాయించుకోవచ్చు. ఫీజు ఉండదు, అక్కడిచ్చే అవార్డు, అంటే రాజీ తీర్పు, డిక్రీతో సమానం, అప్పీలు లేదు. దావా వేశాక అక్కడ రాజీపడినా కట్టిన కోర్టు ఫీజు తిరిగిస్తారు.

చెల్లు రాయనంటే మాత్రం గొడవపడకుండా లేచి వచ్చెయ్. కార్తీకం దాటనివ్వకుండా అసలు నోటు పట్టుకుని మా ఇంటికి రా. ముందు నోటీసు ఇప్పించి, భోగి లోపల దావా వేయిద్దాం. మీ అత్త నిన్ను భోజనానికి ఉండేలా రమ్మంటోంది.

మీ మావయ్య