ఏసీ ఆపేశాం, అయినా బిల్లు తగ్గలేదేం?

ప్రశ్న: నవంబరు నుంచి ఏసీ వేయడం లేదండీ. మేమిద్దరం, ఇద్దరు పిల్లలు. అయినా నెలకి 240 యూనిట్లు దాటుతోంది. ఫ్రిజ్ వల్లే అని మా వారు, గీజర్ వల్లే అని మా అత్తయ్యగారు. ఎవరిది నిజం? - ఓ పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: చాలావరకు మీ అత్తయ్యగారిదేనమ్మా. కానీ నా మాట మీద నమ్మొద్దు, మీ మీటరునే అడగండి. రాత్రి పడుకునే ముందు ఒకసారి, తెల్లారి లేవగానే ఒకసారి, అందరి స్నానాలూ అయ్యాక ఒకసారి మీటరుని ఫోన్లో ఫొటో తీసుకోండి. స్నానాలకి ఎంత కాలుతోందో మీకే కనిపిస్తుంది.

15 లీటర్ల గీజర్‌లో చన్నీళ్లు బాగా కాగడానికి సుమారు అర యూనిట్ పడుతుంది. నలుగురూ తలా ఒక గీజర్ నీళ్లు వాడితే రోజుకి 2 యూనిట్లు, నెలకి 60. అదే షవర్ కింద నిలబడితేనో, పిల్లలకి సాయంత్రం కూడా వేణ్నీళ్లు పోస్తేనో అది రెట్టింపవుతుంది. అందుకే చలికాలం షవర్ మానేసి బకెట్‌తో పోసుకోండి, ఒకరి తర్వాత ఒకరు వెంటవెంటనే కానివ్వండి, అవగానే స్విచ్ ఆపేయండి, లేకపోతే చల్లారిన నీళ్లనే అది మళ్లీ మళ్లీ కాస్తూ ఉంటుంది. మీది బోరు అయితే ఇంకో సంగతి: రాత్రంతా డాబా మీద ట్యాంకులో ఉన్న నీళ్ల కంటే, తెల్లారి అప్పుడే తోడిన బోరు నీళ్లు గోరువెచ్చగా ఉంటాయి. మోటారు పొద్దున్నే వేసుకుంటే గీజర్‌కి ఆ మేరకు పని తగ్గుతుంది.

ఇక ఫ్యాను. కాలవల ఊరు కదా, చలి వేస్తున్నా దోమల కోసం ఫుల్ స్పీడులో ఫ్యాను వేసి, దుప్పటి కప్పుకుని పడుకునే ఇళ్లే ఎక్కువ. పాత ఫ్యాను 75 వాట్లు, రాత్రికి 8 గంటలంటే 0.6 యూనిట్. రెండు గదులకి నెలకి 36. దోమతెర కట్టుకోండి, దయచేసి. పిల్లలకి జలుబు బాధ కూడా తగ్గుతుంది.

ఫ్రిజ్ నాబ్ ఒక పాయింట్ తగ్గించండి చాలు. ఏసీ స్టెబిలైజర్‌ని మాత్రం మార్చి దాకా ఎంసీబీ దగ్గరే ఆపేయండి. 2022లో మార్చిన శ్లాబుల ప్రకారం 225 దాటాక 400 దాకా ప్రతి యూనిట్‌కీ 8.75 రూపాయలు, దాని కింది శ్లాబులో (126 నుంచి 225 దాకా) 6. మీరు ముందు తగ్గించుకునేవి ఆ ఖరీదైన యూనిట్లే.

ప్రశ్న: మాది అద్దె ఇల్లు, గీజర్ లేదు. హీటర్ రాడ్ వాడితే కరెంటు ఎక్కువ కాలుతుందా? - ఓ పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ఎక్కువేం కాదండీ, మర్చిపోకుండా తీస్తే. 1500 వాట్ల రాడ్‌తో ఒక బకెట్ నీళ్లు స్నానానికి సరిపడా వేడెక్కడానికి పావుగంట చాలు. నా భయం బిల్లు గురించి కాదు. స్విచ్ ఆపి, ప్లగ్ కూడా పీకాకే నీళ్లలో చెయ్యి పెట్టండి. ఇనుప బకెట్ వద్దు. ఎర్తింగ్ సరిగ్గా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి, ఇంటి ఓనర్ ఒప్పుకోకపోయినా సరే. ఇంట్లో చిన్నపిల్లలుంటే మాత్రం రాడ్ వద్దు, గ్యాస్ మీదే కాచుకోండి.