ఒమకాసేకి ఇద్దరం వెళ్లాలి, ఒకరు చేప తింటారు, ఒకరు శాకాహారి. టోక్యోలో కుదురుతుందా?

ప్రశ్న: వచ్చే నెల నేనూ మా ఆవిడా టోక్యో వెళ్తున్నాం, అక్కణ్నుంచి రెండ్రోజులు క్యోటో. ఒక్క పూటైనా మంచి సుషీ కౌంటర్‌లో ఒమకాసే (ఏం పెట్టాలో షెఫ్‌కే వదిలేసే భోజనం) తినాలని ఉంది. నేను చేపలు తింటాను, బీఫ్ ముట్టను. ఆవిడ పక్కా శాకాహారి, గుడ్డు కూడా తినదు. కలిసి వెళ్లొచ్చా? బుకింగ్, ఖర్చు, తినే పద్ధతి చెప్పగలరు.

జవాబు:

సుషీ కౌంటర్‌కి మీరొక్కరే వెళ్లండి. ఇద్దరూ కలిసి తినే పూటకి షోజిన్ ర్యోరి, అంటే బౌద్ధ మఠాల వంట పెట్టుకోండి. సుషీ కొట్టులో "ఆవిడకి వెజ్ చేయండి" అనడం పులస పులుసుకి పేరుపడ్డ చోటికెళ్లి పప్పన్నం అడిగినట్టే. చాలాచోట్ల బుకింగే తీసుకోరు. తీసుకున్నా దోసకాయ రోల్, ముల్లంగి పచ్చడి రోల్ పెట్టి అదే ధర వేస్తారు.

ఒమకాసే అంటే "మీకే వదిలేస్తున్నాం" అని. అక్కడికి వెళ్లాక మాట్లాడుకోవచ్చులే అనుకుంటే ఇబ్బంది పడతారు. కౌంటర్‌లో ఉండేవి ఎనిమిదో పదో సీట్లు. ఆ లెక్క ప్రకారమే పొద్దున్నే తోయోసు మార్కెట్లో చేప కొంటారు (పాత త్సుకిజి టోకు మార్కెట్ 2018 అక్టోబర్‌లో ఇక్కడికి మారింది). కొన్ని చేపలైతే రుచి తేలడానికి నాలుగైదు రోజుల ముందు నుంచే నిల్వలో ఉంటాయి. అందుకే "ఇది తినను" అన్న మాట బుకింగ్ రోజునే చెప్పాలి. కూర్చున్నాక చెబితే ఆ వంతు తీసేస్తారు తప్ప దాని బదులు ఇంకోటి రాదు. మీ విషయంలో బీఫ్ సుషీ కౌంటర్‌లో దాదాపు రాదు. కైసేకి (వంతులవారీగా వచ్చే జపనీస్ విందు) కోర్సుల్లో, ఫ్యూజన్ టేస్టింగ్ మెనూల్లో మాత్రం వాగ్యూ (జపాన్ బీఫ్) ముక్క మధ్యలో వచ్చే అవకాశం ఎక్కువ. "గ్యూనికు వా తబేరారెమాసెన్" (బీఫ్ తినలేను) అని బుకింగ్ నోట్‌లో రాయించండి.

బుకింగ్‌కి టేబుల్‌చెక్, పాకెట్ కన్సీర్జ్, టేబుల్‌ఆల్, ఒమకాసే అనే సైట్లున్నాయి. మంచి హోటల్లో దిగితే అక్కడి కన్సీర్జ్ (అతిథులకి బుకింగ్‌లు చేసిపెట్టే ఉద్యోగి) చేత ఫోన్ చేయించడం ఇంకా నయం. మరీ పెద్ద పేర్ల వెంట పడకండి. తెలిసినవాళ్ల సిఫార్సు లేనిదే కొత్తవాళ్లని తీసుకోని కొట్లు చాలా ఉన్నాయి. సుకియాబాషి జీరో అనే పేరుమోసిన సుషీ కొట్టుని మిషెలిన్ తన 2020 టోక్యో రెస్టారెంట్ గైడ్‌లోంచి తీసేసిన కారణం కూడా మామూలు జనానికి అక్కడ బుకింగ్ దొరక్కపోవడమే. మొదటిసారికి మధ్యాహ్నం కౌంటర్ చాలు: 10,000 నుంచి 15,000 యెన్‌లలో పది, పన్నెండు నిగిరీలు (చేప ముక్క పెట్టిన అన్నం ముద్దలు) వస్తాయి. రాత్రి 30,000 పైమాటే. ఆదివారాలు, కొన్ని బుధవారాలు మార్కెట్‌కి సెలవు, అందుకే చాలా కొట్లూ మూసేస్తారు. తేదీ ఎంచుకునేటప్పుడు అది చూసుకోండి. రద్దు చేస్తే ముందురోజు సగం, అదే రోజు మొత్తం కార్డు మీద పడటం మామూలే. షరతులు కొట్టుకో తీరు, చదివే నొక్కండి.

సమయం గురించి గట్టిగానే చెప్పాలి. చాలాచోట్ల అందరికీ ఒకేసారి మొదలుపెడతారు. పదిహేను నిమిషాలు ఆలస్యమైతే రెండు మూడు వంతులు మీ ముందు నుంచి వెళ్లిపోయినట్టే. కొట్టు ఏ బిల్డింగ్ ఆరో అంతస్తులోనో, బేస్‌మెంట్‌లోనో ఉంటుంది, బోర్డు జపనీస్‌లోనే ఉంటుంది. బోర్డు ఫొటో ఫోన్‌లో పెట్టుకుని అరగంట ముందే ఆ వీధికి చేరండి, లోపలికి మాత్రం ఐదు నిమిషాల ముందు వెళ్తే చాలు. సెంటు వద్దు, పక్కవాళ్లకి చేప వాసన తెలియకుండా పోతుంది. కౌంటర్ పలక తరచుగా హినోకి చెక్క, మెత్తగా ఉంటుంది. వాచీ, కంకణం, ఫోన్ దాని మీద పెడితే గీతలు పడతాయి, తీసి బ్యాగులో వేసుకోండి. ఫొటో తీయొచ్చా అని ఒక్కసారి అడిగితే చాలు.

ఇక తినడం. మనకిక్కడ ఒక సుఖం ఉంది: నిగిరీ చేత్తో తినొచ్చు, అదేమీ మోటు కాదు. తడి తువాలుతో వేళ్లు తుడుచుకుని, బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలుతో పక్కల నుంచి పట్టి, కొద్దిగా పక్కకి వాల్చి, చేప వైపు నాలుకకి తగిలేలా ఒక్క ముద్దగా నోట్లో పెట్టుకోవాలి. సగం కొరికితే మిగతా సగం విడిపోతుంది, ఎందుకంటే అన్నాన్ని నొక్కేది లోపల గాలి మిగిలేంత వదులుగానే. ముద్ద పెద్దదనిపిస్తే "షారీ చీసమే" అనండి, అన్నం తగ్గిస్తారు. షెఫ్ ముందే నికిరి (మరిగించిన సోయా సాస్) కుంచెతో రాసి ఇస్తారు, మళ్లీ సోయాలో ముంచక్కర్లేదు. వాసబీ (ఆవఘాటుండే పచ్చటి ముద్ద) లోపలే ఉంటుంది. ఘాటు పడకపోతే మొదట్లోనే "సాబి నుకి" అని చెప్పండి. విడిగా వాసబీ అడిగి సోయాలో కలపడం మాత్రం వద్దు. అప్పుడే తురిమిన అసలు వాసబీ అది, పావుగంటలో ఘాటు పోతుంది. అల్లం ముక్క వంతుకీ వంతుకీ మధ్య నోరు శుభ్రం చేసుకోవడానికి, నిగిరీ మీద నంజుకోవడానికి కాదు.

ఆలస్యం చేయొద్దు. అన్నం ఒంటి వేడి మీద ఉంటుంది, చేప దానికంటే చల్లగా ఉంటుంది. ఆ తేడా అర నిమిషం నిలవదు. నోరీ (ఎండు సముద్రపు నాచు రేకు) చుట్టింది చేతికిస్తే ఇంకా తొందర, అన్నం తడికి కరకర పోయి సాగుతుంది. ఫొటో తీస్తే ఒక్కటే తీయండి.

పచ్చిచేప అలవాటు లేకపోతే భయం వద్దు, అన్నీ పచ్చివి కావు. కొహాదా అనేది మన కవళ్ల లాంటి చిన్న వెండి చేప, ఉప్పులో, వెనిగర్‌లో ఊరబెడతారు. ఎంత ఉప్పు, ఎన్ని నిమిషాలు అన్నదాంట్లోనే షెఫ్ చెయ్యి తెలిసిపోతుంది. అనాగో మలుగు జాతి, మెత్తగా ఉడికించి పైన చిక్కటి సాస్ రాస్తారు. పెద్ద రొయ్య చాలావరకు ఉడికించిందే. సావరా మన వంజరానికి చుట్టమే, దాన్ని తరచుగా పైపైన కాల్చి ఇస్తారు. పచ్చివాటిలో తూర చేప ఎర్ర కండ ముందు, కొవ్వు ఎక్కువున్న తోరో తర్వాత వస్తే తేడా బాగా తెలుస్తుంది. "కడుపు నిండదేమో" అన్న సందేహం అక్కర్లేదు. ముద్దకి 10 నుంచి 15 గ్రాముల అన్నమే అయినా, ముందొచ్చే చిరుతిళ్లతో కలిపి పన్నెండోది వచ్చేసరికి భారంగానే ఉంటుంది. చివర్లో తీయటి గుడ్డు ముక్క వచ్చిందంటే కోర్సు అయిపోవచ్చింది. ఆ తర్వాత "ఇంకేమైనా?" అని అడిగితే అది విడి ధర.

ఇప్పుడు మీ ఆవిడ సంగతి. అసలు చిక్కు చేప ముక్కతో కాదు, దాషితో, అంటే జపనీస్ వంటల్లో పోసే సారం నీళ్లతో. కొంబు అనే సముద్రపు నాచుని నీళ్లలో వేడిచేసి, మరగకముందే తీసేసి, కాత్సువోబుషి తురుము వేసి ఒకట్రెండు నిమిషాల్లో వడగడతారు. తూర జాతి చేపని ఉడికించి, పొగబెట్టి, కట్టెలా ఎండబెడితే వచ్చేది కాత్సువోబుషి. ఆ నీరు లేత బంగారు రంగులో తేటగా ఉంటుంది, ఏ కూరలో పోసినా కనపడదు. నానబెట్టిన పాలకూర, ఉడికించిన వంకాయ, మిసో సూప్, సోబా నూడుల్స్ ముంచుకునే సాస్, అన్నిట్లోనూ అదే. వడ్డించేవాళ్లు "వెజిటబుల్" అన్నప్పుడు అబద్ధమేం చెప్పట్లేదు, కూరగాయలే కదా! కాబట్టి "నికు, సకనా, తమాగో, సకనా నో దాషి మో తబేరారెమాసెన్" (మాంసం, చేప, గుడ్డు, చేప దాషి కూడా తినలేను) అని పూర్తిగా చెప్పాలి. చివరి ముక్క లేకపోతే మొదటి మూడూ చెప్పీ లాభం లేదు.

షోజిన్‌లో దాషికి కొంబు, ఎండు శీతాకే పుట్టగొడుగులు వాడతారు. మన పండగ వంటలాగే ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. క్యోటో అరాషియామాలో తెన్ర్యూజి గుడి ఆవరణలోని షిగేత్సు మీకు సరిగ్గా సరిపోతుంది: మధ్యాహ్నం మాత్రమే, ముందే బుక్ చేసుకుంటే మంచిది, తోటకి టికెట్ విడిగా తీసుకోవాలి. టోక్యోలో అయితే అతాగో దగ్గర దైగో ఉంది, ఖరీదెక్కువ. అక్కడా చేప దాషి మాట బుకింగ్‌లో అడిగి రూఢి చేసుకోండి. గోమా దోఫు వస్తే నెమ్మదిగా ఆస్వాదించండి, పేరులో తోఫు ఉన్నా సోయా కాదు. నువ్వుల పాలని కుజు అనే దుంప పిండితో గరిటె ఆపకుండా తిప్పుతూ ఉడికించి చల్లార్చుతారు. పుల్లతో తుంచబోతే ముందు సాగుతుంది, తర్వాత తెగుతుంది. మిరిన్ (తీపి వంట మద్యం), సాకే (బియ్యపు మద్యం) మాత్రం వంటలో పడొచ్చు. మద్యం చుక్క కూడా కూడదనుకుంటే అదీ ముందే చెప్పాలి.

బిల్లు: 2021 ఏప్రిల్ నుంచి ధరలు పన్ను కలిపే చూపాలి, కానీ సర్వీస్ ఛార్జి తరచుగా విడిగా ఉంటుంది. 30,000 యెన్‌ల కోర్సుకి 10 శాతం చేరితే 33,000 అవుతుంది. బిల్లుని అసలు పెంచేది తాగేవే. సాకే ఒక గో అంటే 180 మిల్లీలీటర్లు, ధర అడిగి చెప్పించుకోవడం తప్పేం కాదు. టీ సాధారణంగా ఉచితం. బిల్లుకి "ఒకాయికే" అనండి. టిప్పు పెట్టకండి, మర్చిపోయి వదిలేశారనుకుని వీధి దాకా తెచ్చి ఇచ్చేస్తారు.