నెమ్మదించిన సర్వరును చూడబోతున్న బుజ్జికి

గుంటూరు

చిరంజీవి బుజ్జికి, పెదనాన్న ఆశీస్సులతో వ్రాయునది.

నువ్వు కంపెనీ ఉద్యోగానికి నోటీసు ఇచ్చావనీ, సర్వర్లు ఎందుకు నెమ్మదిస్తున్నాయో కనిపెట్టే పనిని సొంతంగా మొదలుపెడుతున్నావనీ, మొదటి పని విజయవాడ సూర్యారావుపేటలో ఒక రక్తపరీక్షల ల్యాబులో దొరికిందనీ మీ నాన్న నిన్న ఫోనులో చెప్పాడు. మన ఇంట్లో నేను వదిలిపెట్టిన పనిని ఒకరు అందుకుంటున్నారని తెలిసి రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు, అది సంతోషమే. అయితే వాడు ఇంకో మాట కూడా అన్నాడు. "ర్యామ్ చాలడం లేదట అన్నయ్యా, రెట్టింపు చేయిస్తే సరి, రెండు రోజుల పనేనంది" అన్నాడు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టుంది తల్లీ ఆ మాట. నువ్వింకా ఆ యంత్రంలోకి లాగిన్ కూడా కాలేదు. అందుకే ఈ ఉత్తరం.

తెలిసిన సంగతులే గనుక వీటిని క్లుప్తంగా చెబుతాను. బ్యాకప్ ఉందని వాళ్లు చెబితే నమ్మకు, ఒకసారి వేరే యంత్రంలో పునరుద్ధరించి చూడు. ఏది ముట్టుకోవచ్చో, ఏది ముట్టుకోకూడదో రాతపూర్వకంగా తీసుకో. రోగుల వివరాలున్న డేటాబేసును నీ ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేసుకోవద్దు. "సిస్టమ్ స్లోగా ఉందండీ" అన్న మాటతో తృప్తి పడకుండా ఏ కౌంటరులో, ఏ తెర మీద, ఏ వేళకు, ఎప్పటి నుంచి అని అడుగు. ల్యాబులకు పరగడుపు పరీక్షలన్నీ పొద్దున్నే వస్తాయి, రిపోర్టులు తొమ్మిదికీ పదకొండుకీ మధ్య ముంచుకొస్తాయి. ఆ రద్దీ వేళ నువ్వు అక్కడ కూర్చుని చూడాలి. మధ్యాహ్నం తీరిగ్గా వెళ్లి తీసిన అంకెలు ఎందుకూ కొరగావు.

మొదటి నిమిషంలో ఏం చూడాలో 2015లో నెట్‌ఫ్లిక్స్‌లో పనిచేస్తుండగా యంత్రాల పనితీరు నిపుణుడు బ్రెండన్ గ్రెగ్ బృందం ప్రకటించింది. అప్‌టైమ్, డీమెసేజ్ (లైనక్స్ తనకు తాను రాసుకునే సందేశాలు), వీఎమ్‌స్టాట్ (ప్రాసెసరు, మెమరీల లెక్క), ఐఓస్టాట్ (డిస్కుల లెక్క), ఫ్రీ (మెమరీ లెక్క), టాప్ (నడుస్తున్న పనుల జాబితా) లాంటి పది కమాండ్ల వరుస అది. ఆ వరుస నీకు కంఠస్థమై ఉంటుంది కాబట్టి మళ్లీ చెప్పను. చదివేటప్పుడు పొరబడే చోట్లు మాత్రం చెబుతాను. వీఎమ్‌స్టాట్ ఇచ్చే మొదటి వరుస యంత్రం లేచినప్పటి నుంచీ ఉన్న సగటు, దాన్ని వదిలేసి రెండో వరుస నుంచి చదవాలి. ఫ్రీలో "ఫ్రీ" అన్న గడి చిన్నదిగా కనిపించిందని కంగారు పడకూడదు. ఖాళీగా ఉన్న మెమరీని లైనక్స్ ఫైళ్ల క్యాష్‌కు, అంటే డిస్కు నుంచి చదివినవి దగ్గర ఉంచుకోవడానికి, వాడుకుంటుంది గనుక చూడవలసింది "అవైలబుల్" గడి. మీ నాన్నతో నువ్వన్న ర్యామ్ మాటకు పునాది ఈ గడే అయి ఉంటుందని నా అనుమానం. మెమరీ చాలనప్పుడు డిస్కు మీద వాడుకునే స్వాప్‌లోకి రాకపోకలు లేకుండా, మెమరీ కోసం ప్రాసెస్‌ను (నడుస్తున్న ప్రోగ్రామును) చంపినట్టు డీమెసేజ్‌లో ఒక్క పంక్తి అయినా లేకుండా ర్యామ్ చాలలేదని చెప్పడానికి నీకు ఆధారం లేదు. ఐఓస్టాట్‌లో డిస్కు వినియోగం 100 శాతం చూపినా, ఎస్‌ఎస్‌డీలూ, అనేక డిస్కులను ఒకటిగా కూర్చిన రెయిడ్‌లూ ఒకేసారి అనేక పనులు అందుకోగలవు గనుక, డిస్కు నిండా మునిగిందని అప్పుడే తీర్మానించకుండా ఒక్కొక్క పని ఎన్ని మిల్లీసెకన్లు ఆగుతున్నదో, వెనుక ఎన్ని నిలిచి ఉన్నాయో చూడాలి.

ఈ ఉత్తరంలో నేను నొక్కి చెప్పదలచుకున్నది అదే: పని ఎక్కడ జరుగుతున్నదని కాదు, ఎక్కడ ఆగి ఉన్నదని వెతుకు. కాజ టోల్‌ప్లాజా దగ్గర కార్లు బారులు తీరితే, మంగళగిరి నుంచి గుంటూరు దాకా రోడ్డును ఇంకో రెండు వరసలు వెడల్పు చేసినా లాభం లేదు కదా. సర్వరులోనూ అంతే. అడగవలసిన లెక్క కూడా పెద్దది కాదు. సెకనుకు 10 అభ్యర్థనలు వస్తూ, ఒక్కొక్కటి 2 సెకన్లు తీసుకుంటే, ఏ క్షణంలో చూసినా లోపల 20 ఉంటాయి. డేటాబేసుకు 15 కనెక్షన్లే ఇచ్చి ఉంటే మిగిలినవి బయట నిలబడతాయి, ఆ బారు పెరుగుతూనే పోతుంది, ప్రాసెసరు మాత్రం చల్లగా కూర్చుని ఉంటుంది. ఇది జాన్ లిటిల్ అనే పండితుడు 1961లో నిరూపించిన సూత్రమే. ఒకే కౌంటరు ఉండి, వచ్చేవాళ్లు ఒక క్రమం లేకుండా వస్తుంటే, వినియోగం 50 శాతానికి చేరేసరికే పట్టే సమయం రెట్టింపవుతుంది, 90 శాతం దగ్గర పదింతలవుతుంది. అందుకే "ఇంకా పది శాతం మిగిలే ఉంది కదా" అన్న ఓదార్పు మాటను నమ్మవద్దంటాను.

ఇప్పుడొక పాత సంగతి చెప్పాలి. మీ నాన్నకు కూడా ఇది సగమే తెలుసు.

గుంటూరులో మిర్చి వ్యాపారమూ శీతల గిడ్డంగులూ ఉన్న ఒక సంస్థకు ఆ రోజుల్లో నేను నెట్‌వర్కు పని చూసేవాణ్ణి. మార్చి నెల, సరుకు దండిగా దిగే కాలం. గిడ్డంగి గేటు దగ్గర మిర్చి టిక్కీలు (బస్తాలు) తూచి రైతుకు కాటా చీటీ ఇచ్చే కౌంటరులో, మామూలుగా మీట నొక్కగానే కదిలే ప్రింటరు ఆ ఉదయం అర నిమిషం దాకా ఉలకడం లేదు. లారీలు రోడ్డు మీదికి నిలిచిపోయాయి, ఘాటుకు తుమ్ముతూ రైతులు కౌంటరు మీద చరుస్తున్నారు. తొలి అనుమానం కేబుళ్ల మీద పడింది గనుక నన్ను పిలిచారు. కేబుళ్లు బాగానే ఉన్నాయి. వాళ్ల కంప్యూటర్ ఇన్‌చార్జి టాప్ తెరిచాడు. నాలుగు కోర్ల యంత్రం మీద లోడ్ యావరేజ్, అంటే పనిలో ఉన్నవీ వంతు కోసం ఆగినవీ కలిపిన ప్రాసెస్‌ల సగటు సంఖ్య, 30 దాటి ఉంది. "ప్రాసెసరు చాలడం లేదు, ర్యామూ చాలడం లేదు" అని ఆయన అక్కడికక్కడే తేల్చేశాడు. ఆయన చదివింది మొదటి వరుస. అదే తెర మీద మూడో వరుసలో "డబ్ల్యూఏ" అన్న అక్షరాల పక్కన 80కి పైగా అంకె ఉంది. ప్రాసెసరు తన సమయంలో అంత శాతం డిస్కు కోసం ఊరికే ఆగిందని దాని అర్థం. లైనక్స్ 1993 నుంచీ లోడ్ లెక్కలో డిస్కు కోసం నిరీక్షిస్తున్న ప్రాసెస్‌లను కూడా కలుపుతుంది. అంటే అక్కడ ముప్పై మంది పనిచేయడం లేదమ్మా, డిస్కు దగ్గర వరుసలో నిలబడి ఉన్నారు.

సర్వరును రీస్టార్ట్ చేశారు. డేటాబేసు తన మెమరీలో పోగుచేసుకున్నదంతా పోయింది గనుక, ప్రతి చిన్న సమాచారానికీ డిస్కు దాకా వెళ్లవలసి వచ్చి పరిస్థితి ఇంకా దిగజారింది. మధ్యాహ్నానికి దోషి దొరికాడు. రెండు రోజుల క్రితమే సరుకు నిల్వల కొత్త రిపోర్టు పెట్టిన ఒక కుర్ర ప్రోగ్రామరు. అందరి ముందూ అతన్ని నిలబెట్టి నానా మాటలూ అన్నారు, రిపోర్టు తీయించేశారు. సాయంత్రానికి విజయవాడ నుంచి ర్యామ్ తెప్పించి రాత్రి అమర్చారు. తెల్లవారేసరికి చీటీలు చకచకా వచ్చేశాయి. ర్యామ్ వల్లే బాగైందని ఇన్‌చార్జి, రిపోర్టు తీసినందువల్లే బాగైందని మేనేజరు, ఎవరికి తోచిన కారణం వాళ్లు పట్టుకుని సంతోషించారు. ఆ కుర్రవాడు నెల తిరక్కుండానే మానేసి హైదరాబాదు వెళ్లిపోయాడు.

జూన్‌లో మళ్లీ అదే జబ్బు. ఈసారి రిపోర్టు లేదు, ర్యామ్ రెట్టింపు ఉంది. ఆ రోజు కూడా గడిచిపోయింది, ఉదయానికి దానంతటదే తగ్గింది. ఆ తర్వాత పాడైన డిస్కు ఒకటి మార్చడానికి వచ్చిన ఇంజనీరు రెయిడ్ కంట్రోలరు (డిస్కులను నడిపే కార్డు) లాగ్ తీసి చదువుతుంటే అసలు విషయం బయటపడింది. ఆ కాలపు కంట్రోలర్లలో రాయవలసిన సమాచారాన్ని ముందు తన మెమరీలో పెట్టుకుని "రాసేశాను" అని జవాబిచ్చి, తర్వాత తీరిగ్గా డిస్కుకు దింపే ఏర్పాటు ఉండేది. కరెంటు పోయినా ఆ మెమరీ చెరగకుండా ఒక బ్యాటరీ కాపలా ఉండేది. ఆ బ్యాటరీ సత్తువను పరీక్షించడానికి దాదాపు 90 రోజులకు ఒకసారి కంట్రోలరే దాన్ని పూర్తిగా ఖాళీ చేసి మళ్లీ నింపుతుంది, దానికి కొన్ని గంటలు పడుతుంది. ఆ గంటల్లో కాపలా లేదు గనుక ప్రతి రాతా నేరుగా డిస్కు పళ్లెం దాకా వెళ్లి రావాలి. నిమిషానికి 7200 చుట్లు తిరిగే డిస్కుకు ఒక చుట్టుకే 8.3 మిల్లీసెకన్లు. పైగా అది రెయిడ్ 5, ఒక డిస్కు పాడైనా సమాచారం పోకుండా అదనపు లెక్క కూడా రాసే ఏర్పాటు. ఒక చిన్న రాతకు రెండు చదవడాలూ రెండు రాయడాలూ కావాలి. లాగ్‌లో పరీక్ష మొదలైన వేళ, గేటు రిజిస్టరులో లారీలు ఆగిన వేళ పక్కపక్కన పెట్టి చూశాం. మార్చిలోనూ సరిపోయాయి, జూన్‌లోనూ సరిపోయాయి. ర్యామ్ అమర్చడం, రోగం తగ్గడం కేవలం కాకతాళీయం.

ఆ తర్వాత పరీక్షను ఆదివారం రాత్రికి మార్చుకోవడంతో గొడవ తీరింది. ఇదంతా ఎందుకు చెప్పానంటే, ఒకే రాత్రి మూడు మార్పులు చేస్తే ఏది పనిచేసిందో దేవుడికి కూడా తెలియదు. బాగైందన్న మాట కూడా నిర్ధారణ కాదు. మార్పును వెనక్కి తీస్తే జబ్బు తిరిగి రావాలి, అప్పుడే కారణం దొరికినట్టు. రీస్టార్ట్ మీద నాకున్న కోపం కూడా ఇందుకే. తప్పనిసరైతే చెయ్యి, కానీ ముందు వీఎమ్‌స్టాట్, ఐఓస్టాట్, డేటాబేసులో ఆ క్షణాన నడుస్తున్న క్వెరీల (డేటాబేసును అడిగే ప్రశ్నల) జాబితా, అన్నీ గడియారం వేళతో సహా ఫైలులోకి తీసి పెట్టుకున్నాకే చెయ్యి.

ఇప్పటి కంట్రోలర్లలో ఆ బ్యాటరీల స్థానంలో ఫ్లాష్ మెమరీ, కెపాసిటర్లు వచ్చాయి కదా పెదనాన్నా అంటావు. నిజమే, జబ్బు మాత్రం వేషం మార్చుకుని ఉంది. ల్యాబు వాళ్లది క్లౌడులో అద్దె యంత్రమైతే ముందు క్రెడిట్లు, అంటే తీరిక వేళ పోగై రద్దీ వేళ ఖర్చయ్యే వేగపు నిల్వ, చూడు. అమెజాన్‌లో టీ3 రకం యంత్రాలు ప్రాసెసరు క్రెడిట్లు కూడబెట్టుకుని ఖర్చు పెడతాయి. జీపీ2 డిస్కులు జీబీకి సెకనుకు 3 చొప్పున చదివే, రాసే పనులు చేస్తాయి. చిన్న డిస్కులైతే క్రెడిట్లు ఉన్నంతసేపు 3000 దాకా పరిగెడతాయి. 100 జీబీ డిస్కు ఆ నిల్వ అయిపోగానే 300కు పడిపోతుంది. పొద్దున్న గంటసేపు బాగా నడిచి ఆ తర్వాత చతికిలబడితే నేను మొదట చూసేది అదే. వీఎమ్‌స్టాట్‌లో "ఎస్‌టీ" గడిలో అంకె పెరిగినా నీ ప్రోగ్రామును తిట్టకు, నీకు రావలసిన ప్రాసెసరు సమయం నీ చేతికి అందడం లేదని అర్థం. యంత్రం ల్యాబులోనే ఉంటే అది ఎక్కడ ఉందో స్వయంగా వెళ్లి చూడు. మెట్ల కింద బీరువాలో, ఇన్వర్టరు పక్కన పెట్టినవి నేను చాలా చూశాను. విజయవాడ మే నెల ఎండల్లో దుమ్ము పట్టిన ఫ్యాన్‌తో ప్రాసెసరు వేడెక్కి తన వేగం తానే తగ్గించుకుంటుంది, డీమెసేజ్‌లో ఆ మాట రాసి మరీ తగ్గించుకుంటుంది.

అయినా చిన్న ల్యాబుల్లో దోషం చాలాసార్లు డేటాబేసులోనే ఉంటుంది. రిసెప్షన్‌లో రోగి పేరును మధ్యలో ముక్కతో వెతుకుతుంటే మామూలు ఇండెక్స్ (పుస్తకం చివరి సూచిక లాంటిది) పనికిరాదు, టేబులంతా చదవవలసిందే. మైఎస్‌క్యూఎల్ డేటాబేసులో నిదానమైన క్వెరీలను రాసిపెట్టే స్లో క్వెరీ లాగ్ మొదట ఆపి ఉంటుంది, తెరిచినా 10 సెకన్లు దాటినవాటినే రాస్తుంది; ఒక సెకనుకు దించు. ఒక్కో క్వెరీ పట్టే సమయం కన్నా అది రోజుకు ఎన్నిసార్లు నడుస్తుందో గుణించి చూడు. రక్తపరీక్ష యంత్రం నుంచి ఫలితాలు దింపే ప్రోగ్రాము ట్రాన్సాక్షన్ (ఒక విడత మార్పులు) తెరిచి మూయకుండా, ఇతరులు అదే చోట రాయకుండా తాళం పట్టుకుని కూర్చున్నదేమో కూడా చూడు.

ఇక నన్ను నిజంగా భయపెట్టేది ఒకటుంది, దీన్ని మాత్రం పెద్దవాడి చాదస్తమని కొట్టిపారెయ్యకు. వేగం కోసం డేటాబేసు ప్రతి కమిట్‌నూ (ఖాయం చేసిన రాతనూ) వెంటనే డిస్కుకు దింపనక్కర్లేదని సెట్టింగు మార్చమని ఎవరో ఒకరు నీకు చెబుతారు. మైఎస్‌క్యూఎల్‌లో ఆ సెట్టింగు విలువ 1ని 2 చేస్తే చార్టులో గీత ఒక్కసారిగా కిందికి దిగుతుంది, అందరూ చప్పట్లు కొడతారు. ఆ తర్వాత ఏదో ఒక రోజు కరెంటు పోయి, ఇన్వర్టరు అందుకోకపోతే, చివరి సెకనులో రాసిన ఫలితాలు మాయమవుతాయి. గిడ్డంగిలోనూ బ్యాటరీ లేకపోయినా ఫరవాలేదు, క్యాష్ బలవంతంగా నడిపిద్దామన్నవాళ్లున్నారు. అక్కడ పోతే కాటా చీటీ పోయేది. నీ దగ్గర పోయేది ఎవరో తల్లి పొటాషియం విలువ, దాని కోసం డాక్టరు ఎదురుచూస్తుంటాడు. ల్యాబు వాళ్లు రాసిచ్చినా సరే, ఆ పని నీ చేత్తో చెయ్యవద్దు. రాత్రి పదకొండు దాటాక ఏ సెట్టింగూ ముట్టుకోవద్దు కూడా. అన్నం తిని పడుకుని పొద్దున చూసుకో. నిద్రమత్తులో టెస్ట్ యంత్రమనుకుని అసలు యంత్రంలో కమాండ్ కొట్టినవాళ్లను చూశాను.

రిపోర్టు రాసేటప్పుడు మనుషుల పేర్లు రాయకు. "ఫలానా వేళ, ఫలానా చోట, ఇన్ని అభ్యర్థనలు ఇంతసేపు ఆగాయి" అని రాయి. సగటు ఒక్కటే ఇస్తే వందలో ఒక్కరు పడే కష్టం దానిలో కనబడదు గనుక 99వ శాతం దగ్గర ఎంత పట్టిందో, అంటే వందలో 99 అభ్యర్థనలు ఎంతలోపు ముగిశాయో, అది కూడా ఇవ్వు. ఎవరో కుర్రవాడి రిపోర్టు వల్లే అని వాళ్లు ముందే నీ చెవిలో వేస్తే, విని ఊరుకో.

ర్యామ్ కొనమని ఇప్పటికే చెప్పి ఉంటే రేపే ఫోను చేసి ఆపించు. సోమవారం ఉదయం తొమ్మిది నుంచి పదకొండు దాకా సెకనుకొకసారి తీసిన వీఎమ్‌స్టాట్, ఐఓస్టాట్ ఫైళ్లు నాకు పంపు. నీ అభిప్రాయం వాటితో పంపవద్దు. ముందు నేను విడిగా చదివి నాకేం తోచిందో రాస్తాను, నువ్వూ నీకు తోచింది రాసిపెట్టుకో. సాయంత్రం రెండూ పక్కన పెట్టుకుని మాట్లాడుకుందాం.

ఇట్లు,
మీ పెదనాన్న