బయాలజిక్ ఇంజెక్షన్ తెల్లకణాల్ని చంపేస్తుందా?

అమ్మగారికి రుమటాయిడ్ ఆర్థరైటిస్ (ఒంటి ఇమ్యూనిటీ సొంత కీళ్ల మీదే పడే జబ్బు) అనీ, అడాలిముమాబ్ అనే బయాలజిక్ (జీవకణాల్లో తయారయ్యే ప్రోటీన్ మందు) మొదలుపెడదామని డాక్టర్ అన్నారనీ, దాంతో తెల్లకణాలు చచ్చిపోతాయేమోనని భయంగా ఉందనీ రాశారు. ఆరేళ్ల కిందట నాదీ ఇదే భయం. నేను డాక్టర్ని కాను, ఆ మందు వాడిన పేషెంట్‌ని. ఆ లెక్కలోనే చదవండి.

చంపదండీ. మొదటి ఇంజెక్షన్‌కి ముందు నా తెల్లకణాలు 8,200, మూడు నెలలకి 7,100. రెండూ నార్మలే. ఒంట్లో వాపు ఎంతుందో చూపే సీఆర్‌పీ మాత్రం 41 నుంచి 5కి దిగింది. పొద్దున లేచాక గంటన్నర దాకా టూత్‌పేస్ట్ మూత తిప్పలేని వేళ్లు, ఆ మూడు నెలలయ్యేసరికి గుండీలు పెట్టేస్తున్నాయి.

కణాలన్నీ ఉండగానే జబ్బెలా తగ్గిందంటే, వాటి మధ్య నడిచే కబురు ఆగింది. వాచిన కీలు లోపలి పొరలో మాక్రోఫేజ్‌లు (క్రిముల్ని మింగే తెల్లకణాలు) టీఎన్ఎఫ్ అనే ప్రోటీన్ వదులుతుంటాయి. అది తగిలితే రక్తనాళాల గోడలు జిగురెక్కి, దారిన పోయే తెల్లకణాల్ని పట్టి కీల్లోకి దింపుతాయి. పొరలోని ఫైబ్రోబ్లాస్ట్‌లు అనే కణాలు ఐఎల్-6 అనే ఇంకో కబురు ప్రోటీన్‌నీ, మృదులాస్థిని కరిగించే ఎంజైమ్‌లనీ తయారుచేస్తాయి. ఎముకని తినే ఆస్టియోక్లాస్ట్‌లు పెరుగుతాయి. అడాలిముమాబ్ వెళ్లి ఆ టీఎన్ఎఫ్‌నే పట్టుకుంటుంది. ఇక కొత్త కణాలు కీల్లోకి దిగడం తగ్గుతుంది. ఐఎల్-6 తగ్గేసరికి లివర్ కూడా సీఆర్‌పీ తయారీ తగ్గిస్తుంది. నాకు నొప్పి కంటే ముందు రిపోర్టే మారింది.

ఇన్ని రసాయనాలుండగా ఒక్కదాన్ని ఆపితే ఏమవుతుందిలే అని మొదట్లో చాలామంది శాస్త్రవేత్తలే అనుకున్నారు. 1992లో లండన్‌లో మార్క్ ఫెల్డ్‌మన్, రవీందర్ మైనీ బృందం పేషెంట్లకి టీఎన్ఎఫ్ యాంటీబాడీ (టీఎన్ఎఫ్‌నే గుర్తుపట్టి అంటుకునే ప్రోటీన్) ఇచ్చి చూశాక ఆ అనుమానం తీరింది. ఇంకో విశేషం: మిగతా కణాల్ని అదుపులో పెట్టే రెగ్యులేటరీ టీ కణాలు ఈ జబ్బులో నీరసించి ఉంటాయి, టీఎన్ఎఫ్ ఆగాక అవి కొంత కోలుకున్నట్టు పరిశోధనల్లో కనిపించింది.

అయితే కౌంట్ బాగుంది కదా అని ధీమా పడకండి. ఒంట్లో ఎప్పటి నుంచో నిద్రపోతున్న టీబీ క్రిమి చుట్టూ మాక్రోఫేజ్‌లు గోడ కట్టి కూర్చుంటాయి. ఆ గోడ నిలవాలంటే టీఎన్ఎఫ్ కావాలి. అది సడలిన సంగతి ఏ బ్లడ్ కౌంట్‌లోనూ కనబడదు. నాకు మాంటూ పరీక్షలో (టీబీ కోసం చర్మంలోకి సూది వేసి చూసేది) చెయ్యి 16 మిల్లీమీటర్లు వాచింది. ఎక్స్‌రే బాగానే ఉన్నా ముందు టీబీ నివారణ మాత్రలు మొదలుపెట్టి, నెల దాటాకే ఇంజెక్షన్ ఇచ్చారు. అప్పుడు విసుక్కున్నాను, ఇప్పుడు దండం పెడతాను. అమ్మగారికి టీబీ, హెపటైటిస్ బి పరీక్షలు అయ్యాయా? కాకపోతే అడిగి చేయించండి.

నా తప్పు ఒకటి చెప్పాలి. రెండో ఏడు వికారం తట్టుకోలేక, ఇంజెక్షన్‌తో పాటు వాడుతున్న మెథోట్రెక్సేట్ అనే ఆర్థరైటిస్ మందు మానేశాను, డాక్టర్‌కి చెప్పకుండా. ఐదారు నెలలకి కుడి మణికట్టు మళ్లీ ఉబ్బింది. పరీక్ష చేస్తే రక్తంలో అడాలిముమాబ్ దాదాపు లేదు, దాని మీద యాంటీబాడీలు మాత్రం దండిగా ఉన్నాయి. ఏ ఇమ్యూనిటీ చచ్చిపోతుందేమోనని దిగులుపడ్డానో, అదే నా మందుని మింగేసింది! ఈ యాంటీబాడీలు పుట్టడాన్ని మెథోట్రెక్సేట్ తగ్గిస్తుందని అప్పుడు తెలిసింది. ఇప్పుడు ఎటనర్సెప్ట్ అనే, టీఎన్ఎఫ్‌ని ఆపే ఇంకో మందు మీద ఉన్నాను, మెథోట్రెక్సేట్ ఫోలిక్ యాసిడ్‌తో కలిపి బుద్ధిగా వేసుకుంటున్నాను.

మీరు విన్న "కణాల్ని చంపే" మందు బహుశా రిటుక్సిమాబ్ అయ్యుంటుంది. అది నిజంగానే బీ కణాల్ని (ఒక రకం తెల్లకణాల్ని) తీసేస్తుంది, అవి మళ్లీ పుట్టడానికి నెలలు పడుతుంది. అమ్మగారికి రాసింది అది కాదు.

జ్వరం వస్తే తర్వాతి డోసు వేసే ముందు డాక్టర్‌కి ఫోన్ చేయండి. లైవ్ వ్యాక్సిన్లు (బలహీనపరిచిన బతికున్న క్రిములతో చేసేవి) ఆయన్ని అడగకుండా వద్దు. ఇంజెక్షన్ పెన్ను ఫ్రిజ్‌లోంచి తీసి అరగంట బయట పెట్టాకే పొడవండి. చల్లగా ఉంటే చురుక్కుమంటుంది, మొదటిసారి నేను కుర్చీలోంచి ఎగిరిపడ్డాను.