రెండు రోజులు మగ్గం ఆపుకొని వెళ్లాలా?

ప్రశ్న: అక్కా, మాది భూదాన్ పోచంపల్లి. ఇంట్లో రెండు మగ్గాలున్నాయి. మూడు నెలల కింద నల్గొండలో టూరిజం పనుల్లో ఉన్నవాళ్లందరికీ కలిపి రెండు రోజుల వర్క్‌షాప్ పెట్టారు. గైడ్లు, కార్ల డ్రైవర్లు, హోటళ్లవాళ్లు, నేతపని చేసే మేము. రంగు కాగితాల మీద రాసి గోడకు అంటించాం, వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. ఇప్పుడు ఆ గ్రూపులో గుడ్ మార్నింగులు తప్ప ఏమీ రావు. టూరిస్టులేమో ఎప్పటిలాగే ముప్పై మంది ఒక్కసారే వచ్చి, రంగు అద్దడానికి ముళ్లు కట్టిన నూలును పట్టి లాగి చూసి, ఫొటోలు దిగి పోతున్నారు. వచ్చే నెల ఇంకో వర్క్‌షాప్ అంటున్నారు. రెండు రోజులు మగ్గం ఆగితే ఆ కూలి ఎవరిస్తారు? వెళ్లాలా, మానాలా?

జవాబు: చెల్లె, నీ ఉత్తరం చదివి నా మొదటి వర్క్‌షాప్ గుర్తుకొచ్చింది. ఎనిమిదేళ్లయింది. నల్గొండలోనే, ఒక ఫంక్షన్ హాల్లో. మొదటి రోజంతా ఉపన్యాసాలే. సాయంత్రం బస్టాండులో నిలబడి రేపు రావద్దనుకున్నాను. వచ్చాను, మంచి పని చేశాను.

రెండో రోజు మమ్మల్ని ఆరుగురు చొప్పున కూర్చోబెట్టి ఒక పని ఇచ్చారు. హైదరాబాద్‌లో పొద్దున బయలుదేరిన కుటుంబం నల్గొండ పానగల్లు గుడి చూసుకొని, సాగర్ చేరి, రాత్రికి ఇల్లు చేరేదాకా గంట గంటకూ ఏం జరుగుతుందో రాయాలి. నేను గైడును కాబట్టి పానగల్లు నా వంతు. అక్కడి ఛాయా సోమేశ్వరాలయంలో మూడు గర్భగుళ్లు, మధ్యలో మండపం, లింగం మీద పడే స్తంభం నీడ పొద్దుతోపాటు కదలకపోవడం, ఇవన్నీ ఎలా చెప్తానో చదివాను. చదివాక నా మనసులో ఎన్నాళ్లుగానో ఉన్న బాధ కూడా చెప్పాను: మగవాళ్లు వింటారు, ఆడవాళ్లు మాత్రం మెట్ల మీద కూలబడతారు, నా మాట వాళ్లకు పట్టదేమో అని.

పక్కన కూర్చున్న డ్రైవరన్న అన్నాడు: "అక్కా, నువ్వు మంచిగనే చెప్తవు. గని ఆ ఆడోళ్లు పొద్దటి సంది నీళ్లు ముట్టలే. తొవ్వల మంచి బాత్రూం లేదని సీసా మూత గూడ తియ్యరు. నేను అద్దంల చూస్తనే ఉంట."

పదకొండేళ్లు గైడు పని చేసి కూడా నాకు ఆ సంగతి తెలియదు. వాళ్లు బండి దిగాకే నా పని మొదలవుతుంది కదా. అదే బల్ల దగ్గర నార్కట్‌పల్లి వైపు టిఫిన్ సెంటరు నడిపే ఆయన ఉన్నాడు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరికి, "మా వెనక ఒకటున్నది, తాళమేసి పెట్టినం. కడిగిస్త, తాళంచెవి గల్లా కాడ పెడ్త. బండ్లు నా కాడ ఆపుర్రి" అన్నాడు. మాట నిలబెట్టుకున్నాడు. ఆ తర్వాత ఆ డ్రైవరన్న బండిలో వచ్చిన ఆడవాళ్లు గుడిలో నిలబడి నన్ను ప్రశ్నలు అడగడం మొదలుపెట్టారు. నీడ ఏ స్తంభానిదని ఒకామె మండపమంతా తిరిగి చూసింది.

ఆ రోజు గోడకు అంటించిన కాగితాలు ఏమయ్యాయో నాకు తెలియదు. మా ఆరుగురిలో నలుగురం ఇప్పటికీ ఫోన్లు చేసుకుంటాం. సాగర్ నీళ్ల మధ్య దీవిలో ఉన్న నాగార్జునకొండ మ్యూజియానికి శుక్రవారం సెలవని సాగర్ వాళ్లకందరికీ తెలుసు. హైదరాబాద్ నుంచి బస్సు పంపే ఏజెన్సీకి తెలియక శుక్రవారం నాడు నలభై మందిని దించిన సంగతి నేను చూశాను. ముసలివాళ్లు ఎండలో నిలబడి లాంచీ రేవు వైపు చూస్తుంటే కడుపు తరుక్కుపోయింది. ఒక్క ఫోను చాలు కదా దానికి.

కాబట్టి వెళ్లు. అయితే ముందే నిర్వాహకులను అడుగు, దారి ఖర్చులు, రెండు రోజుల కూలి ఇస్తారా అని. మొహమాటపడకు. జీతం మీద వచ్చేవాళ్లకు ఆ రెండు రోజులూ డ్యూటీ కిందే లెక్క, నీకు మాత్రం కూలి పోతుంది. ఇవ్వం అంటే ఒక్క రోజే వెళ్లు, అదీ రెండో రోజే.

వెళ్లేటప్పుడు ముళ్లు కట్టిన నూలు ఒక చిన్న కట్ట తీసుకుపో. మీ ఊరికి బస్సు పంపేవాళ్ల పక్కనే కూర్చొని చేతిలో పెట్టి చూపించు. రబ్బరు పట్టీతో బిగించిన చోట రంగు అంటదు, విడిచిన చోట అంటుతుంది, పోగు ఒక్క నూలువాసి జరిగినా నేతలో పువ్వు అంచు చెదురుతుంది అని. నోటితో వందసార్లు చెప్పినా ఎక్కనిది ఆ కట్ట చేత పట్టుకుంటే ఎక్కుతుంది. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ మీ ఊరిని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో చేర్చింది. ఆ పేరు చూసి వచ్చే బస్సు నీ గడపలోనే ఆగుతుంది. ఒకసారికి పది మందే లోపలికి అని, నూలు చుట్టి ఆసు పోసే వేళ ఇది, అద్దకం వేళ ఇది అని అక్కడే రాయించుకో. పాత నూలు కొంచెం విడిగా పెట్టుకో. పిల్లలు ముట్టుకోకుండా ఉండలేరు, వాళ్లకు అది ఇచ్చి ముడి వేయమను. ఆ పెద్ద గ్రూపు సంగతి వదిలెయ్. నీకు పని పడే ఐదుగురి నంబర్లు రాసుకో.

ప్రశ్న: మహబూబ్‌నగర్‌లో ట్యాక్సీ నడుపుతాను. ఇలాంటి మీటింగుల్లో మమ్మల్ని వెనక కుర్చీల్లో కూర్చోబెడతారు. మేం చెప్పేదేముంటుంది మేడమ్?

జవాబు: పైన రాసింది చదివావు కదా తమ్ముడూ, మా బల్ల మీద అసలు మాట చెప్పింది డ్రైవరే. 2018లో మీ దగ్గరి పెద్ద మర్రిచెట్టు పిల్లలమర్రికి చెదలు పట్టి, సెలైన్ సీసాలతో మందు ఎక్కించినప్పుడు దూరం నుంచి వచ్చినవాళ్లను గేటు ముందు నుంచి వెనక్కి తిప్పుకొచ్చింది మీరే. ఆ ముఖాలు చూసింది మీరే. ఆలంపూర్ తీసుకెళ్లినప్పుడు జోగులాంబ దర్శనం కాగానే నవబ్రహ్మ ఆలయాలు చూడకుండా బండెక్కేవాళ్లు ఎందరో, ఎందుకెక్కుతున్నారో మీకే తెలుసు. ఎండకు కాళ్లు కాలినందుకా, ఆకలా, చెప్పేవాళ్లు లేకనా? నెల రోజులు ఒక చిన్న పుస్తకంలో రాసిపెట్టు. ఈసారి ముందు కుర్చీలో కూర్చొని అది చదువు.