వైబ్రేషన్ ప్లేట్‌తో తూలుడు తగ్గుతుందా?

ప్రశ్న: మా అత్తగారికి 69 ఏళ్లు. రోజూ సాయంత్రం గుడికి నడిచి వెళ్లే మనిషి, ఫుట్‌పాత్ మీద కదిలే రాతి పలకల మీద తూలి పడతానేమోనన్న భయంతో బయటికి రావడమే మానేశారు. మోటారుతో కంపించే వైబ్రేషన్ ప్లేట్ మీద నిలబడితే తూలుడు తగ్గుతుందని, ఎముకలు కూడా గట్టిపడతాయని మా వీధిలోని జిమ్ వాళ్లు అంటున్నారు. చేర్పించమంటారా?
— ఒక కోడలు, మల్లేశ్వరం, బెంగళూరు

జవాబు: తూలుడు విషయంలో వాళ్ల మాటకు కొంత ఆధారం ఉందిగానీ, ఎముకల విషయంలో అంత లేదు. ప్లేట్ కంపించినప్పుడల్లా పిక్కల్లో, తొడల్లో కండరాలు సాగుతాయి. ఆ సాగుడును పసిగట్టే నాడులు వెన్నుపాముకు కబురు పంపగానే కండరం తనంతట తానే బిగుసుకుంటుంది. కాలు జారబోయినప్పుడు మనిషిని నిలబెట్టేది కూడా ఇలాంటి స్పందనే.

హాంకాంగ్‌లో 60 ఏళ్లు దాటిన 700 మందికి పైగా మహిళలపై జరిగి, 2014లో వెలువడిన అధ్యయనంలో, సెకనుకు 35 సార్లు కంపించే ప్లేట్ మీద రోజుకు 20 నిమిషాలు, వారానికి 5 రోజులు, 18 నెలలపాటు నిలబడినవారిలో 18.6 శాతం మంది పడిపోవడమో ఎముక విరగడమో జరిగితే, నిలబడనివారిలో అది 28.7 శాతం. ఎముకల సాంద్రతలో మాత్రం తేడా కనిపించలేదు. టొరంటోలో 202 మందిని ఏడాదిపాటు పరిశీలించి 2011లో ప్రకటించిన ఫలితమూ సాంద్రత విషయంలో అదే. ఇంకో సంగతి, జిమ్ వాళ్లు సాధారణంగా చెప్పనిది: హాంకాంగ్‌లో వాడినది కాళ్ల కింద కదులుతోందో లేదో అన్నంత మెత్తటి ప్లేట్, బరువు తగ్గించుకోవడానికని జిమ్‌లో పెట్టేవి చాలావరకు అంతకు ఎన్నో రెట్లు బలంగా కుదుపుతాయి.

కాబట్టి జిమ్ కంటే ఫిజియోథెరపిస్టు దగ్గర మొదలుపెట్టడం మేలు. మోకాళ్లు కాస్త వంచి, కమ్మీ పట్టుకుని, అన్నిటికన్నా తక్కువ వేగంలో ఒక నిమిషం నిలబడి, ఒక నిమిషం ఆగాలి. మోకాళ్లు బిగబట్టి నిటారుగా నిలబడితే కుదుపు తలదాకా పాకుతుంది. పళ్లు టకటకలాడినా, చూపు మసకబారినా వెంటనే దిగిపోవాలి. పేస్‌మేకర్, మార్పిడి చేసిన కీలు, కంటి రెటీనా జబ్బు, కాళ్లలో రక్తం గడ్డలు, కిడ్నీలో రాళ్లు ఉన్నవారు డాక్టరు ఒప్పుకోనిదే ఎక్కకూడదు. ఆమె ఎత్తు తగ్గినట్టో, నడుము వంగినట్టో అనిపిస్తే ముందు వెన్నుకు ఎక్స్‌రే తీయించండి; ఈ వయసు ఆడవారిలో వెన్నుపూస నొప్పి తెలియకుండానే నలిగిపోయి ఉండవచ్చు.

నిజానికి గట్టి రుజువున్నది పైసా ఖర్చులేని సాధనకే. వంటింటి గట్టు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడటం, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడం వంటి వ్యాయామాలు పడిపోవడాన్ని దాదాపు నాలుగో వంతు తగ్గిస్తాయని 2019లో, వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ సమీక్ష తేల్చింది. ప్లేట్ మీద నిలబడినా ఇవి మానరాదు. బీపీ మాత్రలు వేసుకుంటున్నట్లయితే, ఈ వారమే పడుకున్నప్పుడు ఒకసారి, లేచి నిలబడ్డాక ఒకసారి బీపీ చూపించండి. నిలబడగానే బీపీ బాగా పడిపోతుంటే మాత్రల మోతాదు గురించి డాక్టరుతో మాట్లాడిన తరువాతే వ్యాయామం సంగతి చూడండి.